అతుకు ఒప్పుకోని సంఖ్య

నా కింది పెదవి మీద ఎడమ పక్క ఒక తెల్లటి గీత ఉంది. గడ్డం గీసుకునేటప్పుడు రోజూ అద్దంలో కనిపిస్తుంది. అది ఒక సంఖ్య చేసిన గాయం. ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు. అంకెల్లో 73939133. ఆ సంఖ్య గౌరవం కోసం ఒక మనిషి నన్ను నిండు సభలో మూతి మీద గుద్దాడు. పళ్లు పెదవిలోకి దిగాయి.

మొన్న ఆ మనిషి పోయాడని ఫోన్ వచ్చింది. మా హిందీ ఉక్కు పట్టణంలోనే, వైశాలి నగర్ నుంచి ఆటో పట్టుకుని రిసాలి పేటకు వెళ్లాను. అద్దాల పెట్టెలోంచి తీసి వరండాలో చాప మీద పడుకోబెట్టారు. నేను మొదట చూసింది ముఖం కాదు, కుడి చెయ్యి. ఛాతీ మీద పెట్టిన ఆ చేతికి ఐదు వేళ్లున్నాయి.

నాకు తెలిసినన్నాళ్లూ ఆయన కుడి చేతికి మూడే వేళ్లు.

దగ్గరికి వెళ్లి చూస్తే తెలిసింది. చిటికెన వేలూ ఉంగరం వేలూ ఉండాల్సిన చోట వరిపిండి ముద్దను వేళ్లలా చేసి, పసుపు దారంతో మొండి కణుపులకు కట్టారు. గోళ్లు కూడా గీశారు. ఎవరో శ్రద్ధగా, ప్రేమగా చేసిన పని. నా చెయ్యి దానంతటదే పెదవి మీదికి వెళ్లింది. ఈ పని చేసినవాణ్ని ఆయన ఏం చేసేవాడో నాకు బాగా తెలుసు.

ముందు ఆ సంఖ్య సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఆ మనిషిని చెప్పలేను.

ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించడానికి వీల్లేనిదాన్ని ప్రధాన సంఖ్య అంటాం. ఏడు అలాంటిది, పదమూడు అలాంటిది. 73939133 కూడా అలాంటిదే. అందులో వింత లేదు. అంత పెద్దవి, అంతకన్నా పెద్దవి కోకొల్లలు. వింత దాని తోకలో ఉంది. చివరి మూడును నరికెయ్యండి. 7393913 మిగులుతుంది. అదీ ప్రధాన సంఖ్యే. మళ్లీ చివర నరకండి. 739391. అదీ అంతే. 73939. 7393. 739. 73. ఆఖరికి 7. ఎక్కడ నరికి ఆపినా మిగిలిన మొండెం ఎవరికీ లొంగదు.

ఆయన దీన్ని వేళ్ల మీద చూపించేవాడు. రెండు చేతులూ బల్ల మీద బోర్లా పరిచేవాడు. ఎడమ చేతి చిటికెన వేలు ఏడు. దాని పక్కది మూడు, తర్వాత తొమ్మిది, మూడు, బొటనవేలు తొమ్మిది. కుడి బొటనవేలు ఒకటి, చూపుడు వేలు మూడు, నడిమి వేలు మూడు. అక్కడితో చెయ్యి అయిపోయేది. ఎనిమిది అంకెలు, ఎనిమిది వేళ్లు. మొండి కణుపుల పక్కనున్న వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే లోపలికి మడిచి, మడిచినప్పుడల్లా బల్ల మీద దబ్బున గుద్దేవాడు. "తెగిందా? నేదు!" దబ్. "ఇప్పుడు తెగిందా? నేదు!" దబ్. గ్లాసులు ఎగిరేవి. చివరికి ఎడమ చిటికెన వేలొక్కటే మిగిలేది. దాన్ని తెచ్చి ఎదుటివాడి ముక్కు ముందు పెట్టేవాడు.

ఆ వేళ్లు పోయిన కథ ఆయన నోట విన్నదే. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న మిల్లు. ఇనుప కడ్డీలు కోసే మిషను దగ్గర పని. కడ్డీ వంకరగా వచ్చింది. ఆపాల్సిన మిషను ఆపకుండా చేత్తో సర్దబోయాడు. "సప్పుడులో తేడా నేదు తమ్ముడూ. ఇనుమైనా ఎముకైనా దానికొకటే. కులమూ నేదు, గోత్రమూ నేదు. మనుషులకన్నా నయం." ఇలా చెప్పి పకపకా నవ్వేవాడు. వినేవాడికి మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఆస్పత్రిలో మూడు ఊళ్లకు వినిపించేలా అరిచాడట. పక్క మంచం మీద కాలు విరిగిన లెక్కల మేస్టారు ఒకాయన ఆ అరుపులు భరించలేక, "బాబూ, నీకు ఎనిమిది మిగిలాయి కదా, ఎనిమిదంకెల సంఖ్య ఒకటి చెప్తాను, ఊరుకో" అన్నాడట. వార్డులో ఉన్నన్నాళ్లూ ఈయన దాన్ని మూడుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో భాగించాడు. తెగలేదు. ఆ మేస్టారు ఇంకా చాలా చెప్పే ఉంటాడు. నొప్పిలో ఉన్నవాడికి సగమే ఎక్కింది. ఎక్కిన సగానికి ఆయనే ఒక తోక తగిలించుకున్నాడు. లోకంలో ఉన్న ప్రధాన సంఖ్యల్లో ఇదే ఆఖరిదని.

ఆస్పత్రి నుంచి బయటికి వచ్చాక అసలు నరుకుడు మొదలైంది. మనవాళ్ల లెక్కలో ఎనిమిది శనిది. పది వేళ్లవాడికి తొమ్మిది మిగిలితే దురదృష్టం అంటారు, అయ్యో అంటారు. ఎనిమిది మిగిలితే వాడే దరిద్రం. మిల్లులో కుర్రాళ్లు "ఏ ఆఠ్! ఉధర్ హట్!" అని, అంటే ఎనిమిదీ అవతలికి జరుగు అని, పిలవడం మొదలుపెట్టారు. ఆయన ఉన్న షిఫ్టులో మిషను ఆగితే ఆయన వల్లే ఆగింది. విశ్వకర్మ పూజనాడు ఆయన అందరికీ లడ్డూలు పంచుతుంటే, ఒక ఫిట్టరు ఆయన చేతిలోంచి లడ్డూ తీసుకుని, అందరూ చూస్తుండగా చెయ్యి తిప్పి కింద పడేశాడు. ఈయన వాడి మెడ పట్టుకుని లడ్డూల పళ్లెంలో ముఖం పెట్టి, ఊపిరాడక కాళ్లు కొట్టుకునేదాకా వదల్లేదు. ఇంకోసారి చుట్టాల పెళ్లిలో పెళ్లికూతురి తండ్రి ఈయన చెవిలో మెల్లగా చెప్పాడు. "నువ్వు దూరాన్నించే అక్షింతలెయ్యి బావా, ఏటీ అనుకోకు." ఈయన ఏమీ అనుకోలేదు. అక్షింతల పళ్లెం ఎత్తి ఆ తండ్రి ముఖాన కొట్టాడు. పళ్లెం అంచు తగిలి కనుబొమ్మ చిట్లింది. మంగళవాయిద్యాలు ఆగిపోయాయి.

అలాంటివాణ్ని చేసుకోవడానికి ముందుకొచ్చిన మనిషి మా వదిన. నేను ఆమెను వదిన అనే పిలిచేవాణ్ని. పెళ్లిచూపుల్లో ఆయన రెండు చేతులూ ముందుకు చాపి "లెక్కెట్టుకో" అన్నాడట. ఆమె "లెక్కెట్టడం నాకు రాదు గానీ, ఈ చేత్తో కొడతావేటి?" అని అడిగిందట. "ఆడోళ్లని కొట్టను" అన్నాడట. ఆ మాట నిలబెట్టుకున్నాడు. మిగతా లోకాన్నంతా కొట్టాడు. వదిన మాత్రం ఆ సంఖ్యను సవతిలా చూసేది. "ఆ ముదనష్టపు లెక్క ఎత్తితే అన్నం సల్లారిపోద్ది" అనేది.

కొట్టడం వాదన కాదని నేను ఆయనకు ఎన్నోసార్లు చెప్పాను. "వాదన ఇనీవోడికి వాదన. ఇననోడికి ఏటి సేస్తావు పంతులూ?" అనేవాడు. దేవుడూ దెయ్యం లేవని ఊరూరా తిరిగి చెప్పే నన్ను పంతులూ అని పిలవడం ఆయనకు మహదానందం. ప్రేమగా ఉన్నప్పుడు తమ్ముడూ. మండినప్పుడు పంతులూ.

ఇక ఆ సభ. మన తెలుగువాళ్ల సంఘం హాల్లో విశాఖ వైపు నుంచి ఒక సంఖ్యాశాస్త్రిని పిలిపించారు. పట్టు లాల్చీ, ఏ వేలికి చూసినా రాయి ఉంగరం. జనం తమ మొబైల్ నంబర్లు చెబుతుంటే ఆయన అంకెలు కూడి ఎవరికి శని పట్టిందో, ఎవరు సిమ్ మార్చాలో తేల్చేస్తున్నాడు. ప్లాంటులో జీవితమంతా కొలతలతో పనిచేసి రిటైరైన పెద్దలు, అరచేతిలో పెన్నుతో అంకెలు కూడుకుంటూ వరుసలో నిలబడ్డారు. ఆయన తర్వాత నేను ప్రతివాదం చెప్పాలి. మైకు పక్కన కూర్చుని ఉన్నాను.

వెనక వరుసలోంచి మనవాడు లేచాడు. "శాస్త్రిగారో, నా నంబరు కూడా సూడండి."

"ఫోన్ నంబరు చెప్పండి."

"ఫోన్ది కాదు. సేతిది."

వచ్చి శాస్త్రి ముందున్న బల్ల మీద రెండు చేతులూ పరిచాడు. మొదలుపెట్టాడు. దబ్, దబ్. ఉంగరాల రాళ్లు అమ్మకానికి పెట్టిన డబ్బాలు ఎగురుతున్నాయి. చిటికెన వేలు దగ్గరికి వచ్చి దాన్ని శాస్త్రి ముక్కు ముందు నిలబెట్టేసరికి వెనకనుంచి ఎవడో అరిచాడు. "ఏటి బావూ, ఒంటేలుకొచ్చిందేటి?"

హాలు గొల్లుమంది. ఇంకో కుర్రాడు, "బాథ్‌రూమ్ ఉధర్ హై, చాచా!" అంటూ తలుపు వైపు చెయ్యి చూపించాడు.

శాస్త్రి నవ్వుతూనే కూడాడు. "ఏడూ మూడూ పది, తొమ్మిది పంతొమ్మిది... మొత్తం ముప్పై ఎనిమిది. మూడూ ఎనిమిదీ పదకొండు. ఒకటీ ఒకటీ రెండు. రెండు చంద్రుడిది. మనసుకు నిలకడ ఉండదు. పైగా చూశారా, ముప్పై ఎనిమిదిలో ఎనిమిది దాక్కుని ఉంది! శని ఎక్కడికి పోతాడండీ?"

"ఒరే!" అన్నాడు మనవాడు. గొంతు మారిపోయింది. "ఇది లోకంలో ఆఖరి ప్రధాన సంఖ్యరా! దీని తరవాత ఇంకోటి నేదు! దీన్ని కూడీసి, నలిపీసి, రెండు సేసీడానికి నువ్వెవడివిరా?"

నేను మైకు అందుకున్నాను. శాస్త్రి చెప్పింది తప్పు. మనవాడు చెప్పిందీ తప్పే. నా పక్షంవాడు చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. ఈ ఒక్క నియమం వదులుకుంటే నాకూ ఆ ఉంగరాల వ్యాపారికీ తేడా ఏముంది? "అన్నా, ఒక్క మాట" అన్నాను. "అది ఆఖరిది కాదు. ప్రధాన సంఖ్యలకు అంతం లేదు."

శాస్త్రి ముక్కు ఆయన చేతికందే దూరంలో ఉంది. దాన్ని వదిలేసి నా మీదికి వచ్చాడు. మూడు వేళ్ల పిడికిలి ఐదు వేళ్ల పిడికిలి కన్నా గట్టిది. ఎముక సూటిగా తగులుతుంది. నేను కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. బల్ల తిరగబడింది. శాస్త్రిని ఎవరో తోశారు, ఆ తోసినవాణ్ని ఇంకెవరో కుర్చీతో కొట్టారు. ముత్యాలూ పగడాలూ నీలాలూ గచ్చు మీద దొర్లాయి. నోట్లోంచి రక్తం కారుతున్న నన్ను దాటుకుని జనం వాటికోసం మోకాళ్ల మీద పాకారు. ఒకరి చెయ్యి ఒకరు తొక్కుకుంటున్నారు. నేలమీద పడి ఉన్నాను కాబట్టి నాకు అదంతా చాలా దగ్గరగా కనిపించింది.

పెదవి వాపు ఇంకా తగ్గకముందే ఆయన స్కూటరు మా గేటు ముందు ఆగింది. క్షమాపణ చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు. "ఆకరిది కాదన్నావు. రుజువేటి? నోటితో కాదు, సూపించు."

చూపించాను. "ప్రధాన సంఖ్యలు ఇక్కడితో అయిపోయాయి అనుకోండి. ఉన్నవాటినన్నిటినీ ఒకదానితో ఒకటి గుణించండి. వచ్చినదానికి ఒకటి కలపండి. ఇప్పుడు దాన్ని రెండుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. మీ దగ్గరున్న దేనితో భాగించినా ఆ ఒకటి మిగులుతుంది. అంటే దాన్ని భాగించేది ఏదో మీ దగ్గర లేనిది ఉండాలి. లేదా అదే కొత్త ప్రధాన సంఖ్య కావాలి. ఎటు చూసినా అయిపోలేదన్నమాట."

కాగితం లాక్కుని, కలిపిన ఆ ఒకటి కింద గోటితో గీశాడు. మెడ మీద నరం కొట్టుకుంటోంది. మళ్లీ కొడతాడేమోనని నేను కుర్చీ కొంచెం వెనక్కి జరిపాను.

"అంటే అందర్నీ కలిపి కట్టగట్టినా ఒకడు మిగిలిపోతాడన్నమాట."

"అవును."

"మంచోడే" అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వాడు.

ఆయన సంఖ్య నిజంగా దేనిలో ఆఖరిదో ఆరోజే చెప్పాను. తోక నరుకుతూ పోయినా ప్రతి మొండెమూ ప్రధాన సంఖ్యగానే నిలిచే సంఖ్యలు కొన్నే ఉన్నాయి. వాటన్నిటిలోకీ పెద్దది ఇదే. దీని చివర ఇంకొక్క అంకె చేర్చి చూడండి. సున్నా, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది పెడితే సరిసంఖ్య. ఐదు పెడితే ఐదు భాగిస్తుంది. ఒకటి పెట్టినా ఏడు పెట్టినా మూడుతో తెగుతుంది. మూడూ తొమ్మిదీ పెడితే చిన్నవాటికి తెగదు గానీ పెద్ద భాజకాలకు తెగుతుంది. కంప్యూటరు మీద చూశానని చెప్పాను. మూడు వేళ్లతో పెన్సిలు పట్టుకుని ఒకటినీ ఏడునీ తనే చేసి చూసుకున్నాడు. పెన్సిలు ముల్లు రెండుసార్లు విరిగింది.

లేచి వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి అన్నాడు. "కోస్తే ఓర్చుకుంటాది. అతికిస్తే సస్తాది. అంతే కదా?"

గణితాన్ని అంతకన్నా పొదుపుగా చెప్పిన వాక్యం నేను వినలేదు.

అంతటితో ఊరుకుంటే ఆయన ఆయనెందుకవుతాడు? తర్వాత వెళ్లేసరికి ఇంటి గేటు మీద ఎర్ర రంగుతో 73939133. స్కూటరు మీద, నీళ్ల డ్రమ్ము మీద, వదిన బియ్యం డబ్బా మీద అదే. నాకు ఒళ్లు మండింది. ఎనిమిది చూసి వణికేవాడికీ, ఎనిమిదంకెలకు బొట్టు పెట్టేవాడికీ మధ్య నాకు పెద్ద తేడా కనపడదు. అదే ముఖం మీద అన్నాను.

"ఇది భక్తి అన్నా. మీరూ ఆ ఉంగరాలవాడి వరుసలోనే నిలబడ్డారు. ఈ నరుకుడు గుణం అసలు ఆ సంఖ్యది కూడా కాదు. మన రాతది. మనుషులకు పది వేళ్లు కాబట్టి పదేసి కట్టలు కట్టి రాసుకుంటున్నాం. ఎనిమిది వేళ్ల జనం ఉంటే ఎనిమిదేసి కట్టలు కట్టి రాసుకునేవాళ్లు. వాళ్ల రాతలో మీ సంఖ్య మొదటి వేటుకే పోతుంది. మీరు పూజిస్తున్నది పది వేళ్లవాళ్ల సొత్తు."

చేతిలో ఉన్న టీ గ్లాసు నా చెవి పక్కనుంచి వెళ్లి గోడకు తగిలి పగిలింది.

"ఓలమ్మ! గ్లాసులెక్కడివయ్యా నీకు!" అని లోపల్నుంచి వదిన.

ఆయన గోడమీద కారుతున్న టీని చేత్తో తుడిచాడు. తర్వాత కాగితం తెచ్చి నా ముందు కొట్టాడు. "రాయి. ఎనిమిది వేళ్లోడి రాతలో రాయి."

ఎనిమిదితో భాగించుకుంటూ పోయి రాశాను. 432034275.

"తొమ్మిదంకెలా? వేలు సాల్దు కదా!" అని తన చెయ్యి చూసుకున్నాడు. "ఇప్పుడు ఆకరిది నరుకు."

నరికాను. మిగిలినదాన్ని మన పదుల లెక్కలోకి మార్చి ముందు పెట్టాను. 9242391. అంకెలు కూడాడు. ముప్పై. మూడుతో తెగింది. ఒక్క వేటుకే పోయింది. అంత పెద్ద మనిషి, అంతమందిని కొట్టిన మనిషి, నన్ను అడిగిన తీరు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"కొయ్యకపోతే?"

"కొయ్యకపోతే అదే సంఖ్య. పదుల్లో రాసినా, ఎనిమిదుల్లో రాసినా, గోడ మీద గీతలు గీసినా అది ప్రధాన సంఖ్యే. దాన్ని ఎవడూ సమంగా ముక్కలు చెయ్యలేడు. ఆ గుణం రాతది కాదు, దానిదే."

"మరైతే కోతల గొడవెందుకింక? నిండుగున్నది నిండుగుంటే సాలు కదా."

"నేను చెప్పేదీ అదే."

"నువ్వు సెప్పినందుకు కాదులే పంతులూ" అని, కిరసనాయిలూ గుడ్డా పట్టుకెళ్లి గేటు మీద రంగు తుడిచేశాడు. స్కూటరు మీదది కూడా. బియ్యం డబ్బా మీదది వదిన తుడవనివ్వలేదు. "డబ్బాకి కిరసనాయిలు కంపు కొడతాది, ఉండనీ" అంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆయన మిల్లు స్నేహితుడొకడు చనిపోయాడు. చక్కెర జబ్బుతో ఒక కాలు మోకాలి దాకా తీసేసిన మనిషి. మన ఉత్తరాంధ్ర వాళ్లలో కొందరికి ఒక పద్ధతి ఉంది. దేహం నిండుగా లేనిదే దహనం చెయ్యకూడదని పోయిన అవయవాన్ని పిండితో చేసి పెడతారు. ఆ స్నేహితుడికి పిండి కాలు చేశారు. చితి మీద ఆ కాలు ముందు ఉబ్బింది, తర్వాత ఫట్టున పగిలింది. వెనకనున్న కుర్రాళ్లు "అరే, రోటీ ఫూల్ గయీ!" అని, రొట్టె పొంగిందని నవ్వారు. ఈయన వాళ్లలో ఒకణ్ని జుట్టు పట్టుకుని చితి వేడి దాకా ఈడ్చుకెళ్లాడు. నలుగురం కలిసి విడిపించాల్సి వచ్చింది.

తిరిగొస్తూ సుపేలా కూడలి దగ్గర, బస్సులూ ఆటోలూ హారన్లు కొడుతుండగా, నడిరోడ్డు మీద స్కూటరు ఆపేశాడు. వెనక కూర్చున్న నా కాలరు పట్టుకున్నాడు.

"నాకు అలాగ సెయ్యనీకు."

"ఎవరు చేస్తారన్నా మీకు?"

"మా అన్న. ఆడు మంచోడు, అందుకే సేస్తాడు. నాకు అతుకు పెట్టనీకు. నీకు మాటలొచ్చు కదా పంతులూ, మాటల్తో ఆపు. అప్పుడు నాను లేచి కొట్టలేను కదా."

వెనక బస్సు డ్రైవరు బూతులు తిడుతున్నాడు. నేను సరేనన్నాను. అప్పుడు గానీ కాలరు వదల్లేదు.

మొన్న ఆ వరండాలో ఆ మాట నిలబెట్టుకోవడానికి నిలబడ్డాను. ఆయన అన్నగారు ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. తెల్ల పంచె, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లు, గోళ్ల సందుల్లో ఇంకా వరిపిండి. ఆ వేళ్లు చేసింది ఆయనే.

"అన్నయ్యగారూ, ఆయన దీనికి ఒప్పుకోలేదు. నాతో స్వయంగా చెప్పారు. తీసెయ్యండి."

"తమ్ముడూ, నీ వాదాలు హాల్లో ఎట్టుకో. ఇది సావిల్లు."

"చనిపోయిన మనిషి కోరిక ఇది, నా వాదం కాదు. వచ్చే జన్మ ఉందని మీరు నమ్ముతారు, నమ్మండి. కానీ ఆయన నమ్మలేదు. ఆయన చెయ్యి ఆయనది. దానికేం అంటించాలో మనమెవరం చెప్పడానికి?"

"ఆణ్ని ఎనిమిదీ ఎనిమిదీ అని ఊరంతా కుక్కని తరిమినట్టు తరిమింది. నాను కళ్లారా సూసినాను. వొచ్చే జన్మలోనైనా పది వేళ్లతో పుట్టొద్దేటి నా తమ్ముడు?" ఆయనది ప్రేమే. మూఢనమ్మకం ఎప్పుడూ కోరలు చూపించుకుంటూ రాదు. చాలాసార్లు ఏడుస్తూ వస్తుంది. అందుకే దానితో పోరాటం కష్టం.

నేను ఇంకా మాట్లాడాను. తర్కం చెప్పాను, కారణాలు చెప్పాను, చేతులు జోడించాను. ఇద్దరు కుర్రాళ్లు "అంకుల్, బస్ కరో", ఇక చాలు అంటూ నన్ను భుజాలు పట్టి గోడకు అదిమారు. ఒకడి మోచెయ్యి నా గొంతు మీద ఉంది. బాజాలవాళ్లు డప్పులు వేడి చేసుకుంటున్నారు. పాడె సిద్ధమైంది. ఊపిరి అందక నా మాటలు అయిపోయాయి.

అప్పుడు వదిన లేచింది. అప్పటిదాకా ఆయన తల దగ్గరే కూర్చుని ఉంది. వంగి, ఆ కుడి చెయ్యి అందుకుని, పసుపు దారం పళ్లతో కొరికి తెంపింది. రెండు పిండి వేళ్లూ గుప్పిట్లో పెట్టి నలిపేసింది.

"ఏయ్!" అని అన్నగారు ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఆమె రెండో చేత్తో ఆ పిండి ముద్ద అందుకుని ఆయన గుండెల మీద కొట్టింది. ఆయన చెయ్యెత్తి ఆమె చెంప మీద ఒక్కటి వేశాడు. నా గొంతు మీది మోచెయ్యి సడలింది.

వదిన పడలేదు. పెదవి చిట్లింది. రక్తం తుడుచుకోకుండానే మాట్లాడింది.

"ఆ రెండు వేళ్లూ మీ తమ్ముడివి బావగారూ. ఈ సెయ్యి నా మొగుడిది. ఆ వేళ్లున్నోణ్ని నాను సూడనేదు. ఆడెవడో నాకు తెల్దు. నాను కట్టుకున్నోడికి ఎనిమిదే. తెలీనోణ్ని నా గుమ్మంలోంచి పంపను. ఇంకోసారి ఆ సేతికి ఏటైనా అంటిస్తే, అంటించినోడి వేళ్లు కత్తిపీటతో కోసీసి ఆడి సేతిలోనే ఎడతాను. ఇనిపించిందా?"

ఎవరికీ సందేహం లేకుండా వినిపించింది. అన్నగారు తన పంచె మీది పిండి దులుపుకోబోయాడు. దులుపుకోలేక దాన్ని అరచేతిలో పట్టుకుని కూలబడి పసివాడిలా ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు.

వదిన చాప మీద కూర్చుని ఆ కుడి చేతిని ఒడిలోకి తీసుకుంది. దాన్ని బోర్లా తిప్పింది. ఎడమ చేతిని కూడా తెచ్చి పక్కన పరిచింది. ఎన్నిసార్లు చూసి ఉంటుందో ఆ ఆట, ఎన్నిసార్లు అన్నం చల్లారిపోయి ఉంటుందో. మొండి కణుపుల పక్కనున్న నడిమి వేలు పట్టుకుని లోపలికి మడవబోయింది. అది కొయ్యబారి ఉంది. గట్టిగా నొక్కింది. మడత పడలేదు. దాని పక్కది ప్రయత్నించింది. అదీ లొంగలేదు. ఎనిమిది వేళ్లూ తెరుచుకునే ఉన్నాయి.

ఆమె ఆ వేళ్లను వదిలేసి, కొంగుతో ఒక్కొక్కదానికీ అంటిన పిండి తుడిచింది.

"మడత పడ్డం నేదు" అంది ఆయనతో. "సర్లే. నిండుగానే ఎల్లు."